నాలుగో భాగం

ఆగస్టు 23, ప్రకాశం పంతులు గారి జయంతి. మా మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయంలో ఆ సాయంత్రం ఆయన ఆత్మకథ ‘నా జీవిత యాత్ర’ మీద సమీక్షా సభ పెట్టారు. సమీక్షకుడు ఓ రిటైర్డ్ హెడ్మాస్టరు గారు. వందన సమర్పణ నాది.

నాకీ సమీక్షకులంటే మొదట్నుంచీ చిన్నచూపే. చరిత్రయినా, జీవిత చరిత్రయినా వీళ్లు చదివేది అట్ట వెనక నాలుగు వాక్యాలు, ముందుమాటలో రెండు పేరాలు. మిగతాదంతా ఆ నోటా ఈ నోటా విన్నదే. అందుకే పంతులు గారి మీద ఎవరు మాట్లాడినా 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపించిన దగ్గరే బండి ఆగిపోతుంది.

ఈయన బండి అక్కడ ఆగలేదు. ఒంగోలులో తల్లి పూటకూళ్లు వండి చదివించడం, కుర్రతనంలో నాటకాల పిచ్చి, రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గిరీ, లండన్ బారిస్టరీ, 1921లో పెట్టిన ‘స్వరాజ్య’ పత్రిక ఆస్తంతా ఊడ్చిపెట్టడం... చేతిలో కాగితం ముక్క లేకుండా వరసగా చెప్పుకొచ్చారు. నాకు కాస్త నిరాశగానే ఉంది.

ఆఖర్న కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, “1954 నవంబరులో మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయిన సంగతి, నాలుగో భాగంలో పంతులు గారు ఎంత నిబ్బరంగా రాసుకున్నారో!” అన్నారు.

దొరికాడు!

ఆయన రాసుకున్నవి మూడు భాగాలే. నాలుగోది రాసి ఆ యాత్రను పూర్తి చేసింది ఆయన మంత్రివర్గ సహచరుడు తెన్నేటి విశ్వనాథం గారు. ఆహ్వానపత్రం వెనక ‘నాలుగో భాగం – తెన్నేటి’ అని రాసి, కింద రెండు గీతలు గీశాను. వందన సమర్పణలో, నవ్వుతూ నవ్వుతూనే వాత పెట్టాలి.

పక్క కుర్చీలో ఉన్న లైబ్రేరియన్ గారి చెవిలో ఊదాను. “చూశారా? పుస్తకం తెరవకుండానే సమీక్షకొచ్చేశాడు. తెన్నేటి వారి పేరు అట్ట మీదే ఉంటుంది కదండీ, ఆ మాత్రం చూసుకోవద్దూ?”

ఆయన స్టేజీ వైపే చూస్తూ మెల్లగా అన్నారు. “మొదటి మూడూ నా ఎదురుగానే కూర్చుని చదివారండీ. నాలుగో దాని కోసం నెల రోజులు తిరిగారు. మా దగ్గరున్నది ఒక్కటే కాపీ.”

“మరి ఇవ్వకపోయారా?”

“ఎక్కణ్నుంచి ఇవ్వను? 2011 జూన్ 18న మీరు పట్టుకెళ్లారు. మూడు కార్డులు రాశాను. ఆ అట్ట మీ ఇంట్లోనే ఉందండీ.”

మైకులో నా పేరు పిలిచారు. ఆహ్వానపత్రం మడిచి జేబులో పెట్టుకుని లేచాను. హెడ్మాస్టరు గారు నా వైపు చూసి చేతులు జోడించారు.

“సమయాభావం వల్ల...” అని మొదలెట్టి, అక్కడే ముగించాను.

రాత్రి ఇంటికొచ్చి అటక మీంచి పుస్తకం దించాను. దుమ్ము దులిపితే పద్నాలుగో పేజీలోంచి బస్సు టికెట్టు జారింది. వెలిసిపోయినా తేదీ కనబడుతూనే ఉంది.

18-06-2011.