నడిచేవాడికి యూనిట్ లేదు

మన రవాణా ప్రణాళికలో తోపుడు బండికి మంచి గౌరవం ఉంది. ఇది వెటకారం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990లో పట్టణ రోడ్ల కోసం ఐఆర్‌సీ 106 పేరుతో వేసిన పుస్తకంలో ఒక పట్టిక ఉంది. రోడ్డెక్కిన ప్రతి బండినీ కార్ల లెక్కలోకి మార్చే పట్టిక. కారు ఒకటి. మోటారు సైకిలు అర నుంచి ముప్పావు. ఆటో 1.2 నుంచి 2. బస్సయితే 2.2 నుంచి 3.7. సైకిలు అరకారుకు కాస్త అటూ ఇటూ. గుర్రబ్బండికీ లెక్క ఉంది. తోపుడు బండి ఏకంగా 2 నుంచి 3. జామకాయలమ్మే బండి రెండు మూడు కార్ల పెట్టు అన్నమాట. ఈ కొలతకు ప్యాసింజర్ కార్ యూనిట్ అని పేరు, ముద్దుగా పీసీయూ. ఆ పట్టికను పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ ఎన్నిసార్లు చదివినా ఒక్క శాల్తీ మాత్రం దొరకదు. కాళ్లతో నడిచే మనిషి. వాడికి యూనిట్ లేదు.

ఆ పక్కనే బస్సు కథ చూడండి. అరవైమందిని మోసే బస్సుకు పట్టిక వేసిన విలువ మహా అయితే 3.7 కార్లు. ఆ అరవైమందీ బస్సు దిగి కారుకు ఒకరో ఇద్దరో చొప్పున ఎక్కితే, నలభై కార్లు, నలభై యూనిట్లు. అప్పుడు ఆ రోడ్డుకు ‘డిమాండ్’ వచ్చినట్టు. డిమాండ్ వచ్చింది కాబట్టి డీపీఆర్ అనే ప్రాజెక్టు నివేదిక, డీపీఆర్ ఉంది కాబట్టి ఫ్లైఓవర్. బస్సు నిండుగా వెళ్తున్నంత కాలం ఆ రోడ్డుకు జబ్బే లేదు, బస్సు తీసేస్తే చాలు, కోట్ల రూపాయల వైద్యానికి అర్హత వచ్చేస్తుంది.

ఈ గణితం తెలిశాక మన పాలకుల మీద నాకున్న కోపం సగం తగ్గింది. వాళ్లేదో జనాన్ని పట్టించుకోవడం లేదని ఇన్నాళ్లూ ఆడిపోసుకున్నాం. పట్టించుకోవడానికి అసలు లెక్కలో జనం ఉంటే కదా!

హైదరాబాద్‌లో ఈ గణితానికి పెట్టిన ముద్దు పేరు ‘సిగ్నల్ ఫ్రీ’. ఆ ఆశయంతో ఎస్‌ఆర్‌డీపీ వచ్చింది, వ్యూహాత్మక రహదారుల ప్రణాళిక. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, హెచ్-సిటీ వచ్చింది. పేరు మారింది, జెండా రంగు మారింది, పిల్లర్ మాత్రం మారలేదు. పార్టీలు ఏ విషయంలో కొట్టుకున్నా కాంక్రీటు విషయంలో అన్నదమ్ములే. కేబీఆర్ పార్కు చుట్టూ ఆరు కూడళ్లలో వంతెనలు కడతామని ఒక ప్రభుత్వం అంటే చెట్ల కోసం జనం అడ్డం పడ్డారు. తర్వాతి ప్రభుత్వం వచ్చి అవే ఆరు కూడళ్లను కొత్త ఫైలులో పెట్టి మళ్లీ శంకుస్థాపన చేసింది. పార్కులో పొద్దున్నే వాకింగ్‌కు వెళ్లేవాళ్లకు ఒక సౌకర్యం మాత్రం ఖాయం. పార్కు దాకా కారులో సిగ్నల్ లేకుండా వెళ్లి, లోపల నడిచి, మళ్లీ కారులో సిగ్నల్ లేకుండా ఇంటికి రావచ్చు. మన ఊళ్లో నడక అంటే టికెట్టు కొని చేసే పని.

సిగ్నల్ ఫ్రీ అంటే ఎవరి నుంచి ఎవరికి విముక్తి? ఎర్ర లైటు వెలిగితే కారు ఆగుతుంది. ఆ కాసేపట్లో పిల్లను చంకనేసుకున్న తల్లి, కర్ర పట్టుకున్న తాత, బడి సంచీల గుంపు రోడ్డు దాటుతారు. కారుకు దండగ అనిపించే ఆ కాసేపే కాలినడక మనిషికి ఆ రోడ్డు మీదున్న ఏకైక హక్కు. దాన్ని తీసేసి, కూడలిని డివైడర్‌తో మూసి, దూరంగా యూటర్న్ పెట్టి, ‘ప్రయాణ సమయం ఆదా’ అని ప్రకటిస్తారు. ఆదా అయిన నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరూ అడగరు. డివైడర్ ఎక్కి దూకే మనిషి గుండె దడలోంచి వచ్చాయి. యూటర్న్ మరీ దూరమైతే బైకువాడు రాంగ్ రూట్‌లో వస్తాడు. ప్లానులో గీసిన తప్పుకు చలానా మాత్రం వాడికి. ఇవి చాలవన్నట్టు ఫ్రీ లెఫ్ట్ ఒకటి. ఎడమవైపు వెళ్లేవాడికి ఎప్పుడూ పచ్చ లైటే. అక్కడ రోడ్డు దాటాలంటే ఆంజనేయ దండకం నోటికి వచ్చి ఉండాలి.

నడిచేవాళ్ల కోసం కూడా ఒక పుస్తకం ఉందండోయ్, ఐఆర్‌సీ 103. ఫుట్‌పాత్ మీద కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఏ అడ్డూ లేకుండా వదలాలని అందులో ఉంది. చాలా రోడ్ల మీద ఆ 1.8 మీటర్లలో ఒక ట్రాన్స్‌ఫార్మర్, ఒక ఫ్లెక్సీ, రెండు పార్కు చేసిన బుల్లెట్లు, కేబుల్ చుట్టలు, మిగిలిన చోట టైల్సు లేచిన గుంట. అయినా నడిచేవాడిని మరీ చిన్నచూపు చూశారనలేం. ఉప్పల్‌లో వాడికి 25 కోట్లతో స్కైవాక్ కట్టి 2023 జూన్‌లో ప్రారంభించారు. కింద బండి చదునుగా వెళ్తుంది, పైన మనిషి ఎక్కి దిగుతాడు. ఇంజను ఉన్నదానికి సమతలం, మోకాళ్లు ఉన్నవాడికి మెట్లు. లిఫ్టు ఉంటుంది కదా అంటారా, ఉంటుంది. ఇలాంటి వంతెనల దగ్గర లిఫ్టు నడుస్తోందా అని అడిగి చూడండి, కరెంటు పోయిందనో మెకానిక్ రావాలనో జవాబు వస్తుంది.

2019 నవంబరులో బయోడైవర్సిటీ కూడలి దగ్గర రెండో అంతస్తు ఫ్లైఓవర్ తెరిచారు. నెల తిరగకముందే అతివేగంగా వచ్చిన ఒక కారు వంపులో అదుపు తప్పి, గోడ దాటి కిందపడింది. కింద రోడ్డు పక్కన నిలబడి ఉన్న ఒక మహిళ చనిపోయింది. ఆమె ఫ్లైఓవర్ ఎక్కలేదు, దిగలేదు, ఏ యూనిట్‌లోనూ లేదు. వంతెన మూసి, నిపుణుల కమిటీ వేసి, 40 కిలోమీటర్ల వేగం దాటరాదని బోర్డులు పెట్టి, వేగం తగ్గించే గరుకు గీతలు వేసి, 2020 జనవరిలో తిరిగి తెరిచారు. మళ్లీ చదవండి. వేగం కోసం సిగ్నల్ తీశారు, సిగ్నల్ తీయడానికి వంతెన కట్టారు, వంతెన మీద వేగం పోగొట్టడానికి గరుకు గీతలు వేశారు. ఆ 40 కిలోమీటర్ల వేగమే గమ్యమైతే కింద ఉన్న రోడ్డుకు ఏం తక్కువైందో!

ఇంజినీరింగ్ కాలేజీలో చెప్పనక్కర్లేని చిన్న సంగతి ఒకటుంది. ఫ్లైఓవర్ మీద బస్టాప్ ఉండదు. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కిందే ఉంటారు కాబట్టి సిటీ బస్సు కిందే పోవాలి, పిల్లర్లు మింగేయగా మిగిలిన సందులో, ఆటోల మధ్య. పైన వెళ్లేది మధ్యలో ఎవరినీ ఎక్కించుకోనక్కర్లేనివాడు. 2023 ఆగస్టులో ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ దాకా 450 కోట్ల స్టీల్ బ్రిడ్జి తెరిచారు. అది ఎగిరి దాటేది దేన్నో తెలుసా? ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌ని. ఏ వ్యంగ్య రచయితా ఇంత ధైర్యం చేయడు, అతిగా ఉందని ఎడిటర్ కొట్టేస్తాడు.

అంతకుముందు షేక్‌పేటలో 2.8 కిలోమీటర్ల వంతెనకు 333 కోట్లు. రెండూ కలిపితే 783. ఇప్పుడు ఎంఎంటీఎస్ రెండో దశ సంగతి. 2003లో మొదలైన ఆ లోకల్ రైలు పేదవాడి మెట్రో. దాని రెండో దశకు మొదట వేసిన అంచనా 816 కోట్లు, అందులో మూడింట రెండొంతులు రాష్ట్రం వాటా. 2012-13లో మంజూరైంది. ఎవరి వాటా ఎవరివ్వాలో తేలక ఏళ్లు గడిచి, సనత్‌నగర్-మౌలాలి ముక్క 2024 మార్చిలో ప్రారంభమైంది. రెండు వంతెనల డబ్బుతో దాదాపు ఒక రైలు వ్యవస్థ వస్తుంది, కానీ రైలు పెట్టెలో కూర్చున్నవాడు మంత్రిగారి కాన్వాయ్‌కి అడ్డు రాడు. అడ్డు రానివాడి బాధ ఎవరికి పడుతుంది?

ఆర్టీసీది ఇంకో రకం వేదన. 2019లో 52 రోజుల సమ్మె జరిగింది, అది ముగిశాక నగరంలో బస్సులు తగ్గించారు, నష్టాలని చెప్పి. ఫ్లైఓవర్‌కు నష్టం ఎంత అని ఏ ప్రభుత్వమూ లెక్క కట్టినట్టు నేను వినలేదు. అది సంపాదించదు, దాన్ని సంపాదించమని అడగరు, అది అభివృద్ధి. బస్సు మాత్రం తన డీజిలు తనే సంపాదించుకోవాలి. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమైంది. బస్సులు కిక్కిరిశాయి. వెంటనే టీవీ చర్చల్లో, టీకొట్ల దగ్గర ఒకటే గోల: ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారు! గమనించారా, ఫ్లైఓవర్ కిక్కిరిస్తే కారువాళ్లు ఊరికే తిరుగుతున్నారని ఎవరూ అనరు. ఇంకో ఫ్లైఓవర్ అంటారు. బస్సు కిక్కిరిస్తే ఇంకో బస్సు అనాలి కదా, అనరు, సీట్లో కూర్చున్న ఆవిడ పని ఏమిటని ఆరా తీస్తారు. కూలికి పోతోందో ఆస్పత్రికి పోతోందో ఆవిడ సంజాయిషీ ఇవ్వాలి. బిర్యానీ కోసం ముప్పై కిలోమీటర్లు కారు తోలుకెళ్లినవాడు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

ఇక గాలి. నగరాల్లో గాలి శుభ్రం చేస్తామని కేంద్రం 2019లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అయిదేళ్ల తర్వాత ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ లెక్కలు తీస్తే, ఖర్చయిన సొమ్ములో 64 శాతం రోడ్డు మీది దుమ్ముకే పోయిందని తేలింది. బండ్ల పొగకు దక్కింది సుమారు 13 శాతం. దుమ్ము కంటికి కనిపిస్తుంది, ఊడ్చే యంత్రానికి ఫొటో దిగుతుంది. ఊపిరితిత్తుల అడుగుకు దిగే పీఎం 2.5 సన్నని రేణువు కెమెరాకు దొరకదు, కాబట్టి అది ప్రజాస్వామ్యంలో వెనుకబడిన వర్గం. మన చేతుల్లో బస్సులు పెంచడం లేదు, చీపుర్లు పెంచడం ఉంది. కాలుష్యం లేని రవాణాను మనం చూడలేదనీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. కరెంటు కార్లు సుయ్యిమని దూసుకుపోయాయి, పొగ చుక్క లేదు. వాటికోసం చుట్టుపక్కల రోడ్లు మూసేస్తే ఆగిపోయిన మామూలు బండ్లు వదిలిన పొగ మాత్రం మామూలుదే.

ప్రాణాల లెక్కకు వస్తే మనకు గడువుల కొరత ఎప్పుడూ లేదు. రోడ్డు మరణాలను 2020 నాటికి సగం చేస్తామని 2015లో బ్రెజీలియాలో ప్రపంచ దేశాలు ప్రకటిస్తే మనమూ సరేనన్నాం. 2020 వచ్చింది. వెంటనే స్టాక్‌హోంలో ఇంకో సభ పెట్టి, 2030 నాటికి సగం అన్నారు. ఈ మధ్యలో 2022లో మన దేశంలో చనిపోయినవాళ్లు 1,68,491 మంది, అందులో నడుస్తూ చనిపోయినవాళ్లు 32,825. కేంద్ర రోడ్డు రవాణా మంత్రి గడ్కరీ 2024 డిసెంబరులో లోక్‌సభలో నిలబడి, మరణాలు తగ్గకపోగా పెరిగాయనీ, విదేశీ సభల్లో ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం దాచుకోవాల్సి వస్తోందనీ ఒప్పుకున్నారు. ఆ నిజాయితీకి నమస్కారం. కానీ అయ్యా, ముఖం దాచుకోవడానికి చోటు దొరికే భాగ్యం మీకుంది. ఆ 32,825 మందికి తల దాచుకోవడానికి డివైడర్ మీద అడుగు చోటు లేదు.

రోడ్డు పెంచితే రద్దీ తగ్గుతుందనే నమ్మకం ఎంత గట్టిదో చూడాలంటే హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్లనడగండి. అక్కడ కేటీ వైపు చాలామంది ఇళ్లు కొన్నారు. ఆ ఊరికి వెళ్లే కేటీ ఫ్రీవేను 2008కల్లా 280 కోట్ల డాలర్లతో వెడల్పు చేశారు, పక్క రోడ్లతో కలిపి ఒకచోట 26 వరుసలు. 2011కీ 2014కీ మధ్య సాయంత్రం ఇంటికి చేరే సమయం సగానికి పైగా పెరిగింది. మన దగ్గర స్థలం లేదు కాబట్టి 26 వరుసల తప్పు చేయలేం, అదొక్కటే అదృష్టం. అడ్డంగా చోటు లేని మనం నిలువుగా చేస్తున్నాం. ఈ గుణం 1962లోనే ఆంథొనీ డౌన్స్ అనే ఆర్థికవేత్త కాగితం మీద పెట్టాడు: రోడ్డు పెంచితే బండ్లు పెరిగి మళ్లీ నిండుతుందని. మన సలహా సంస్థలకు ఆ కాగితం ఇంకా పోస్టులోనే ఉన్నట్టుంది.

అన్నిటికన్నా నాకు నచ్చిన ఘట్టం 2024 అక్టోబరు నాటిది. మూసీని బాగు చేయడమెలాగో తెలుసుకోవడానికి తెలంగాణ మంత్రులూ అధికారులూ సియోల్ వెళ్లారు. చంగ్యెచన్ అనే వాగును చూశారు. ఊరి నడిబొడ్డున 5.8 కిలోమీటర్ల తేటనీరు, గట్ల మీద నడిచే జనం. చూడముచ్చటగా ఉంటుంది. ఆ వాగు ఎక్కడి నుంచి ఊడిపడిందంటే, దాని మీద వాళ్లు అరవై డెబ్బైల దశాబ్దాల్లో ఒక ఫ్లైఓవర్ కట్టుకున్నారు. 2003లో దాన్ని కూల్చారు. మరుసటి ఏడాది బస్సులకు రోడ్డు మధ్యలో విడిగా దారులిచ్చి సిటీ బస్సుల వ్యవస్థనంతా తిరగరాశారు. 2005లో వాగు తెరిచారు. మూసీ వెంబడి 55 కిలోమీటర్ల ఎక్స్‌ప్రెస్‌వే వేస్తామని మన దగ్గర పాత ప్రభుత్వం అంది. కొత్త ప్రభుత్వం మూసీకి నీళ్లు తెస్తానంటూనే కేబీఆర్ చుట్టూ పిల్లర్లకు కొబ్బరికాయ కొట్టింది.

చంగ్యెచన్‌లో ఆ పాత ఫ్లైఓవర్ తాలూకు మూడు స్తంభాలను కూల్చకుండా వదిలేశారు, గుర్తుగా ఉండనీ అని. మనవాళ్లు వాటి ముందు నిలబడి ఫొటో దిగే ఉంటారు. దాన్ని ఏ ప్రాజెక్టు ఫైలులో గుచ్చారో సమాచార హక్కు కింద అడగాలని ఉంది.