తొలిప్రేమ దక్కినవాడి గోడు

తొలిప్రేమ విఫలమైన వాళ్ల బాధ లోకానికి తెలుసు. వాళ్లకు పాటలున్నాయి, సినిమాలున్నాయి, గడ్డాలున్నాయి. దక్కినవాడి గోడు పట్టించుకున్న నాథుడే లేడు. భద్రాద్రి రాముడికి చెప్పుకుందామా అంటే, ఆయనకు ఏటా చైత్ర నవమికి అదే సీతమ్మతో మళ్లీ పెళ్లి. సర్కారు పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు, లక్షలాది జనం. నాకు ఒక్కసారే అయింది. ఆ తర్వాత అంతా గ్యాస్ బండ, కరెంటు బిల్లు.

మేం తొమ్మిది, పది చదివింది భద్రాచలంలో. బడి పేరెందుకు లెండి. ఆమెది పక్కనే ఎటపాక, సైకిలు మీద వచ్చేది. అడవి అంచున గులాబీలెక్కడివి? ఎండలు ముదిరాక జామెట్రీ బాక్సులో తునికిపండ్లు తెచ్చిపెట్టేది. మొర్రిపండ్లు మాత్రం దారిలో తాను తిన్నాక మిగిలితేనే నాకు. ఆ చట్టం మా ఇంట్లో మామిడిపండ్ల విషయంలో నేటికీ అమల్లో ఉంది.

లేచిపోదామన్న ఆలోచన రాకపోలేదు. సినిమాల్లో ప్రేమికులు పరుగెత్తి రైలెక్కుతారు. మా ఊరికి రైలేదీ? 'భద్రాచలం రోడ్డు' అని బోర్డున్న స్టేషను ఉన్నది నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో. అక్కడికి పోవాలంటే గోదావరి వంతెన దాటే బస్సెక్కాలి, ఆ బస్సు కండక్టరేమో మా మేనమామకు దోస్తు. టికెట్టు కొట్టకముందే కబురు ఇంటికి చేరుతుంది. ఇక బుద్ధిమంతుల్లా చదువుకున్నాం. మా నాన్న తునికాకు కల్లేదారు, వాళ్ల నాన్నకూ కల్లం దగ్గర పరిచయమే, పెద్దలు ఒప్పేసుకున్నారు. అడ్డుపడే విలన్ కూడా దొరకని ప్రేమ మాది.

అయినా ఒక్క ఘట్టం ఉందనుకునేవాణ్ని. 1986 ఆగస్టు వరద. గోదావరి 75.6 అడుగులకెక్కింది, ఇప్పటిదాకా ఆ రికార్డు చెదరలేదు. బడినిండా వరద బాధితులు. నడుం లోతు నీళ్లలో ఆమె పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని ఆమెను నేను దాటించాను. ఇదీ నా కథ. వచ్చిన చుట్టానికల్లా చెప్పబోతాను. సగంలో వంటింట్లోంచి సవరణ వస్తుంది: "నీళ్లు మడమల దాకే. సంచి మోసింది మా అన్నయ్య. మీరప్పుడు పులిహోర పొట్లాల లైన్లో ఉన్నారు."

చుట్టాలున్నారు గనుక 'మీరు'. వాళ్లు గడప దాటితే 'నువ్వు'.

నా ఫిర్యాదు ఇదే. మా బ్యాచ్‌లో మిగతావాళ్ల తొలిప్రేమలు ఖమ్మంలోనో డల్లాస్‌లోనో హాయిగా కాపురాలు చేసుకుంటున్నాయి. కాదనేవాళ్లు లేక వాళ్ల వరద ఏటా ఓ అడుగు పెరుగుతోంది. నాది మాత్రం ఏటా తీస్తోంది. సాక్షిని ఇంట్లో పెట్టుకుని ఎవడైనా జ్ఞాపకం చెప్పగలడా?

పైగా సరిహద్దు తంటా ఒకటి. 1959 దాకా భద్రాచలం తూర్పుగోదావరిలోనే ఉండేదట, తర్వాత ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరిట మండలాలు ఆంధ్రలోకి పోయినప్పుడు పట్టణం ఇటు మిగిలింది, ఎటపాక అటు పోయింది. సైకిలు దూరంలో ఉన్న అత్తారిల్లు పరాయి రాష్ట్రమైంది! కూర బాగాలేదన్న పాపానికి ఆమె రాష్ట్రం విడిచి వెళ్లిపోతుంది. వెళ్లనీ, ఓ వారం ప్రశాంతంగా ఉందామనుకుంటానా, సాయంత్రం చాయ్ వేళకు వాళ్లమ్మ ఇచ్చిన ఆవకాయ సీసాతో గుమ్మంలో ప్రత్యక్షం. అంతర్రాష్ట్ర వివాదాలు ఏళ్లకేళ్లు సాగుతాయంటారు, మాది మాత్రం పూట కూడా నిలవదు.

వచ్చే నెల మా బ్యాచ్ కలయిక. 'బడినాటి తీపి గుర్తులు' మీద మాట్లాడమని ఆమెను అడిగారు. కార్యక్రమం కాగితంలో నా పేరు కోసం వెతికితే చివర్న, భోజనాల ఏర్పాట్ల కింద ఉంది. పులిహోర నాకు అనుభవమున్న శాఖేనని సిఫారసు చేసింది ఎవరో వేరే చెప్పాలా?