దుప్పటి చుట్టిన గుండిగ

నాలుగేళ్ల కిందటి కార్తీక ఆదివారం. నూజివీడు దగ్గర ఒక మామిడితోటలో, ఉసిరిచెట్టు కింద, చుట్టాలం ముప్పైమందిమి వనభోజనానికి కలిశాం. తోటలోనే వండుకుందామని పెద్దమ్మ మొదట్నుంచీ చెబుతూనే ఉంది. పొగలో అందరూ అవస్థ పడటమెందుకు, నేనే ఇంట్లో చేసి తెస్తానని పట్టుబట్టాను.

తెల్లవారుజామున మూడింటికి ఐదు కిలోల బియ్యం వండాను. సగం అన్నం పళ్లాల్లో పరిచి, ఆరబెట్టి, చింతపండు పులుసు బాగా పట్టించి పులిహోర కలిపాను. సాంబారులోకీ పెరుగులోకీ ఉంచిన మిగతా సగాన్ని పొగలు కక్కుతుండగానే గుండిగలో కుక్కి, మూత బిగించి, పైన పాత దుప్పటి చుట్టాను. అందరికీ వేడివేడిగా వడ్డించాలని నా ఆరాటం.

పూజ, పిల్లల ఆటలు అయ్యేసరికి మధ్యాహ్నం రెండున్నర. మూత తీస్తే దాని లోపలి చెమట బొట్లుబొట్లుగా అన్నం మీద రాలింది. పైన మెతుకు విడివిడిగానే ఉంది. హస్తం అడుక్కి దించితే ముద్దగా, కాస్త జిగురుగా లేచింది. పెద్దమ్మ చెయ్యి పెట్టి చూసింది. నులివెచ్చగా ఉంది.

“ఒరేయ్, ఇది వద్దురా. ఊళ్లోంచి బియ్యం తెప్పించు, అరగంటలో మళ్లీ వండుదాం.”

“వాసన రావట్లేదు కదా పెద్దమ్మా. నీళ్లు చిలకరించి వేడి చేస్తా, ఏం కాదు” అన్నాను. సాంబారు మరుగుతున్న ఇటుకల పొయ్యి మీదికే ఆ గుండిగనూ ఎక్కించాను. పొగలు రాగానే విస్తళ్లలో వడ్డించాను.

ఐదు దాటాక తిరుగు దారిలో మొదటి వాంతి. రాత్రి ఎనిమిదింటికి పదకొండుమంది పడిపోయారు. ఆరేళ్ల మా మేనకోడలికి సెలైన్ ఎక్కించారు. “మావయ్యా, మళ్లీ వస్తోంది” అని అది నా చొక్కా పట్టుకున్నప్పుడల్లా గిన్నె అందిస్తూ ఆ రాత్రంతా మంచం పక్కనే నిలబడ్డాను. చెల్లెలు నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

అన్నం ఎప్పుడు వండారు, ఎలా ఉంచారు అని డాక్టరు అడిగారు. విన్నాక చెప్పారు: బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు బియ్యంలోనే ఉంటాయి, ఉడికించినా చావవు. అన్నం గంటల తరబడి నులివెచ్చగా ఉండిపోతే అవి మేలుకుని, పెరిగి, విషం పుట్టిస్తాయి. అది కంటికీ ముక్కుకూ తెలియదు. మళ్లీ పొయ్యి మీద పెట్టినా విరగదు. తిన్న అరగంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. వండిన అన్నం 60 డిగ్రీలకు పైనన్నా ఉండాలి, 5 డిగ్రీల లోపన్నా ఉండాలి. ఆ నడిమి వేడిలో రెండు గంటలు మించకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంటే. నేనేమో దుప్పటి చుట్టి మరీ పదకొండు గంటలు ఉంచాను.

పులిహోరతో సరిపెట్టుకున్నవాళ్లకు ఏమీ కాలేదు. పరిచి ఆరబెట్టిన అన్నంలో వేడి నిలవదు, చింతపండు పులుపులో ఆ సూక్ష్మజీవి సరిగా పెరగదు. మన ఆడవాళ్లు ప్రయాణాలకు పులిహోరే ఎందుకు కట్టేవాళ్లో నాకప్పుడు అర్థమైంది. కోడికూరో చేపలో అయితే నేనూ భయపడేవాణ్ణే. అన్నమే కదా అనుకున్నాను.

పిల్ల మూడో రోజుకు లేచి తిరిగింది. మిగతావాళ్లూ కోలుకున్నారు. ఇప్పుడు వనభోజనానికి బియ్యం బస్తా, గ్యాస్ పొయ్యి, తాగేనీళ్ల క్యాన్లు తీసుకెళ్తాం. విస్తళ్లు వేసే వేళకే ఎసరు పెడతాం. మిగిలిన అన్నం ఇంటికి తేం.

ఈ కార్తీకంలో మీరూ తోటకు వెళ్తుంటే అన్నం మాత్రం అక్కడే వండండి. గుండిగలో చెయ్యి పెట్టి చూసి, మళ్లీ వండుదామని పెద్దావిడ ఎవరన్నా అంటే, దయచేసి వాదించకండి. ఎసరు పెట్టండి.