కత్తిపీట ఎరగని కూరగాయలు

ఆగస్టు, సెప్టెంబరు వచ్చాయంటే ఇంగ్లండులో ఊరూరా టెంట్లు లేస్తాయి. లోపల బల్లల మీద కూరగాయలు బారులు తీరి ఉంటాయి. బేరమాడకండి, ముట్టుకోకండి. వండుకుంటే ఎలా ఉంటుందని మాత్రం పొరపాటున కూడా అడక్కండి. అవి పోటీకి పెంచినవి.

మామూలు కేరట్ మట్టిలో పెరుగుతుంది. పోటీ కేరట్‌కి మట్టి నామోషీ. పీపా నిండా ఇసుక పోసి, గడ్డపారతో లోతుగా కన్నాలు పొడిచి, జల్లెడ పట్టిన ఎరువుమట్టి కూరి, కన్నానికి నాలుగు గింజలు వేస్తారు. మొలిచాక ఒక్కదాన్ని ఉంచి మిగతావి పీకేస్తారు. చిన్న రాయి తగిలి వేరు చీలిందా, ఆ ఏటి కష్టం గంగపాలు. ఉల్లి విత్తనం క్రిస్మస్ మర్నాడు వేయడం ఆనవాయితీ. బయట చలి, లోపల నారుకు దీపాలూ వెచ్చదనమూ. ఇంట్లో పెద్దాయన మాత్రం స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని కరెంటు బిల్లు ఆదా చేస్తుంటాడు.

తర్వాత అలంకారం. ఉల్లి మెడ కోసి, మడిచి, నారతో చుట్టి, ఒక్కో గడ్డను ఒక్కో రింగు మీద కూర్చోబెట్టాలి. బఠానీ కాయను తొడిమ పట్టుకునే తుంచాలి. ఒంటి మీది బూడిద పొరకు వేలు తగిలిందో, మార్కు ఎగిరింది. సెట్టులోవన్నీ అచ్చు గుద్దినట్టుండాలి. మూడు పార్స్‌నిప్ దుంపలు ఒకేలా కుదరడానికి మడంతా తవ్విపోసే మహానుభావులున్నారు.

రాయల్ హార్టికల్చరల్ సొసైటీ ఇందుకోసం ఒక నిబంధనల పుస్తకమే అచ్చువేసింది. అందులో కూరగాయలకూ అంతస్తులున్నాయి. కాలీఫ్లవర్, పొడుగు కేరట్ 20 మార్కుల దొరలు. ముల్లంగికి 10. ఎంత ఒళ్లు దాచుకోకుండా పెరిగినా దాని బతుకంతే. ఆకారం, రంగు, పరిమాణం, తాజాదనం, ఏకరూపత చూస్తారు, రుచి ఊసెత్తరు. జడ్జి చిక్కుడుకాయను విరిచి పీచు చూస్తాడు, రైతుబజారులో మన అమ్మలు బెండకాయ కొస విరిచినట్టే. కాకపోతే అమ్మ తర్వాత వండుతుంది. అయిదు పెట్టమన్న చోట ఆరు పెడితే ఆయన కార్డు మీద ‘ఎన్ఏఎస్’ అని గీసి ముందుకు సాగిపోతాడు. షెడ్యూల్ ప్రకారం లేదు, ఇంటికి దయచేయండి అని దానర్థం.

భారీ కూరగాయల పోటీలో అందానికి కూడా సెలవు. 2016లో ఒక కేరట్ 6.245 మీటర్లు తేలింది; అందులో సింహభాగం దారంలాంటి వేరే. 2023లో హారోగేట్‌లో ఒక ఉల్లిగడ్డ 9 కిలోలకు కాస్త తక్కువ తూగింది. తరిగితే ఇంటిల్లిపాదీ ఏడవాలి. ఎవరూ తరగరు గనుక ఓడినవాళ్లే ఏడుస్తారు.

ఈశాన్య ఇంగ్లండులో ఒకప్పటి బొగ్గుగనుల ఊళ్లలో లీక్ పోటీలంటే ప్రాణం. లీక్ మన ఉల్లికాడకు బలిసిన చుట్టం. రాత్రికి రాత్రి ఎదుటివాడి లీక్‌ల మీద కత్తి దూయడం ఆ సీమ ఫ్యాక్షన్. అందుకే కొందరు తోటలోనే పడుకుని కాపలా కాస్తారు. ఇంటికి తాళం వేశారో లేదో వాళ్లకు గుర్తుండదు. వాళ్లలో ఒక సుగుణం లేకపోలేదు. పోటీ అయ్యాక లీక్‌లను చారు కాచుకు తాగే అలవాటు అక్కడుంది. తక్కిన పోటీదారుల దృష్టిలో అది నరమాంస భక్షణ కావచ్చు.

ఇంతకీ ఈ కేరట్ల పీపాలు అలాట్‌మెంట్లలోనూ ఉంటాయి. పేదవాడు నాలుగు దుంపలు పండించుకుని పొట్ట నింపుకోవాలని ఇచ్చిన తోటముక్కలవి. జనం అడిగితే ఇవ్వాలని 1908 చట్టం స్థానిక పాలకుల మెడ మీద బాధ్యత పెట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో తిండికి కటకటగా ఉంటే, తవ్వండి, పండించండి, గెలుద్దాం అని సర్కారు పోస్టర్లు వేసింది. ఇప్పుడు ఆ ముక్క కోసం గేటు బయట ఏళ్ల తరబడి వరస. గేటు లోపల ఎవరూ తినబోని మూడు కేరట్లకు గొడుగు పట్టే సేవ.

అదే టెంటులో పక్క బల్ల మీద కేకుల పోటీ. అక్కడ జడ్జమ్మ కేరట్ కేకును కోసి, నోట్లో వేసుకుని, నమిలి, ఆలోచించి మరీ మార్కులేస్తుంది. ఆ కేకులోకి కేరట్లు సూపర్‌మార్కెట్ నుంచి వచ్చుంటాయి. పెరట్లోవి పోటీకి పెట్టాలి కదా!