ఇనప్పెట్టె కథ

ఇది మోపిదేవిలో ఒక రైతు ఇంటి ఇనప్పెట్టె కథ. ఈ పెట్టెకు రెండు అరలు. పై అరలో దస్తావేజులు, ప్రోనోట్లు. కింది అరలో మూటగట్టిన వెండి రూపాయలు, ఇల్లాలి కాసులపేరు.

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయ్యాక దిగువ డెల్టాలో వరి సాగు పెరిగింది. రైతు చేతిలో మిగిలిన నాలుగు రూపాయలూ ఇలాంటి పెట్టెల్లోకే చేరేవి. ఒకచోట డబ్బు తాళం కింద పడి ఉండేది. పక్క ఊళ్లోనే మరో రైతు పెట్టుబడికి అప్పుచేసి షావుకారుకు వడ్డీ కట్టేవాడు.

ఈ రెంటినీ కలిపే పనికి బందరులోని చదువుకున్నవారు పూనుకున్నారు. వారిలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్య వృత్తిని వదిలి ప్రజాజీవితంలోకి, ఆర్థిక సంస్థల స్థాపనలోకి వచ్చారు.

పట్టాభి స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరయింది. 28న లావాదేవీలు మొదలుపెట్టింది. అధీకృత మూలధనం 10 లక్షల రూపాయలు, చెల్లించిన మూలధనం లక్ష. మూలధనంగా వాటాకు పెట్టిన సొమ్ము అప్పులాంటిది కాదు, తిరిగి ఇస్తామన్న హామీ ఉండదు. సంస్థ నిలబడితే లాభంలో భాగం వస్తుంది. మునిగితే వాటా పోతుంది, నష్టం అంతకు మించదు. కొత్త సంస్థల్లో వాటాగా పెట్టే నేటి వెంచర్ క్యాపిటల్‌కూ పునాది ఇదే.

ఆ బ్యాంకు వాటా కొనాలనుకున్న రోజున ఇంటి యజమాని ఈ పెట్టె తెరిచి, ఒక్కో రూపాయినీ గచ్చు మీద మోగించి చూసి, పదేసి చొప్పున దొంతరలు పేర్చాడు. వాటిని తువ్వాలులో మూటగట్టుకుని చల్లపల్లి మీదుగా బందరుకు బండి కట్టాడు. రూపాయలు వెళ్లిన చోటు నుంచి ఒక కాగితం వచ్చింది. ఇల్లాలు దాన్ని దీపం వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, పై అరలో దస్తావేజుల మధ్య దాచింది. డాక్టరుగారి మాట మీద నమ్మకమే ఆ ఇంటి పూచీ.

1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు పట్టాభి పూనికతోనే వెలిశాయి. 1964లో భారత లక్ష్మీ బ్యాంకు ఆంధ్రా బ్యాంకులో కలిసింది.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తిన రాత్రి ఇంట్లోకి నీరు వచ్చింది. కింది అర తడిసింది, పై అర కాగితాలు దక్కాయి. ఆనాటి తుప్పు గీత పెట్టె అడుగున ఇప్పటికీ ఉంది. 1980 ఏప్రిల్‌లో ఆంధ్రా బ్యాంకు జాతీయం అయింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది.

ఇప్పుడు ఈ పెట్టె పై అరలో పాసు పుస్తకాలున్నాయి. కింది అర ఖాళీ.