గాలికీ పట్టా కావాలట!

అమెరికా పడమటి కొండల్లో సామాన్యుడు సొంతంగా ఎల్క్ వేటకు బయల్దేరాలంటే ఏం కావాలి? రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. గుడారం, తిండి, తుపాకీ మోసే వీపు కావాలి. మూడు వందల కిలోలు తూగే మగదుప్పి పడ్డాక దాని మాంసం కోసి, మూటలు కట్టి, విడతలు విడతలుగా కొండ దించే మోకాళ్లు కావాలి. గైడు లేడు, గుర్రం లేదు, పొయ్యి రాజేసి పెట్టేవాడు లేడు. వ్యోమింగ్ రాష్ట్రంలోనైతే ఇవన్నీ ఉన్నా చాలదు. ఒక నిచ్చెన కావాలి. ఆ వెనకే ఒక గట్టి లాయరు కావాలి.

మన దేశంలో 1972 చట్టం కింద వేట నేరం. అక్కడి లెక్క వేరు. అడవి జంతువు ప్రజలది. సర్కారు భూమీ ప్రజలదే. వినడానికి ఎంత సొంపుగా ఉందో! ప్రజల దుప్పి ప్రజల గడ్డి మేస్తూనే ఉంటుంది. అక్కడికి పోవడానికి ప్రజలకే దారి ఉండదు.

ఈ ఘనకార్యం రైలు పుణ్యం. 1862లో ఖండానికి అడ్డంగా రైలుమార్గం వేయించేందుకు అమెరికా కాంగ్రెస్ పట్టాలకు అటూ ఇటూ ఉన్న భూమిని చదరంగం బల్లలా కోసింది. మైలు పొడవు, మైలు వెడల్పు గళ్లు. ఒక గడి రైలు కంపెనీకి, పక్క గడి సర్కారుకు. కంపెనీ గళ్లు చేతులు మారి మారి శ్రీమంతుల రాంచ్‌లయ్యాయి. సర్కారు గళ్లు వాటి మధ్య ఇరుక్కుపోయాయి. ఒక సర్కారు గడి నుంచి మరో సర్కారు గడికి పోవాలంటే రెండూ కలిసే మూల ఒక్కటే దారి. ఆ దారి వెడల్పు సున్నా. పడమటి రాష్ట్రాల్లో ఇలా మూలల్లో బిగుసుకుపోయిన ప్రజల భూమి 83 లక్షల ఎకరాలని అంచనా.

మిస్సోరీ నుంచి వచ్చిన కొందరు వేటగాళ్లు ఆ సున్నాను నమ్ముకున్నారు. 2020లో వ్యోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ దగ్గర మూలన పాతిన స్తంభాలు పట్టుకుని, ఒళ్లు తిప్పుకుని అవతల పడ్డారు. 2021లో ఉక్కు నిచ్చెనే తెచ్చుకున్నారు. సర్కారు గడిలో ఎక్కారు, సర్కారు గడిలో దిగారు. వాళ్లలో ఒకరి వృత్తి కంచెలు కట్టడమే! రాంచ్ మట్టి ఒక్కరి బూటుకూ అంటలేదు. అయినా అక్రమ ప్రవేశం కేసు పడింది. కాళ్లు సరైన చోటే ఉన్నాయి కానీ, భుజాలు రాంచ్ గాలిలోంచి పోయాయట!

2022 ఏప్రిల్‌లో జ్యూరీ వాళ్లను నిర్దోషులని తేల్చింది. అప్పటికే రాంచ్ యజమాని సివిల్ దావా కూడా వేసి ఉన్నాడు. అడిగిన పరిహారం 70 లక్షల డాలర్ల పైమాటే. జనం ఇలా మూలలు దాటడం మొదలెడితే రాంచ్ ధర ఆ మేరకు పడిపోతుందని లెక్క. ఆ లెక్క వేసిన బుర్రకు దండం పెట్టాలి. ప్రజల భూమికి తనొక్కడికే దారి ఉంది కాబట్టి తన ఆస్తి ధర పెరిగింది. పెరిగిన ధర తనది. ప్రజలు తమ భూమిలో అడుగుపెడితే తరుగు మాత్రం ప్రజలే కట్టాలి! తనది కాని భూమిని ఇన్నాళ్లూ తన ఖాతాలో రాసుకున్నానని కోర్టు ఫీజు కట్టి మరీ ఒప్పుకున్న పెద్దమనిషి ఇంకెక్కడ దొరుకుతాడు?

నిజానికి ఈ జబ్బుకు మందు 1885లోనే ఉంది. పశువుల దొరలు సర్కారు భూమిని కంచెలతో చుట్టేస్తుంటే, ప్రజల భూమికి దారి మూయకూడదని కాంగ్రెస్ ఆ ఏడాదే చట్టం చేసింది. వ్యోమింగ్‌లోనే ఒక రాంచర్ 28 మైళ్ల కంచె వేసి ప్రాంగ్‌హార్న్ జింకలను చలికాలపు మేతకు పోకుండా అడ్డుకుంటే, 1988లో ఫెడరల్ అప్పీలు కోర్టు అదే చట్టం చూపి జింకల పక్షాన నిలిచింది. జింకకు దారి 1988లో దొరికింది. పన్ను కట్టే మనిషికి, ఈ వేటగాళ్ల దావాలో, అదే కోర్టు నుంచి 2025 మార్చిలో దొరికింది. ఆ అక్టోబరులో సుప్రీంకోర్టు యజమాని అప్పీలును వినడానికే నిరాకరించింది.

కథ సుఖాంతం అనుకునేరు! ఆ తీర్పు చెల్లేది ఆరు రాష్ట్రాల్లోనే. పక్కనే ఉన్న మోంటానాలో మూల దాటడం నేరమేనని అక్కడి అధికారుల మాట. ఇక వ్యోమింగ్‌లోనూ ఇంకో మెలిక ఉంది. ఫెడరల్ వైల్డర్‌నెస్ అడవుల్లో వేరే రాష్ట్రంవాడు ఎల్క్‌ను వేటాడాలంటే లైసెన్సున్న గైడో, స్థానికుడైన తోడో ఉండితీరాలి. అదే మనిషి అదే అడవిలో ఒంటరిగా నడవొచ్చు, చేపలు పట్టొచ్చు, ఫొటోలు తీసుకోవచ్చు. ప్రాణభద్రత కోసమే ఈ నిబంధన అంటారు. వ్యోమింగ్ ఎలుగుబంట్లు కెమెరా పట్టినవాణ్ని పలకరించి పంపి, తుపాకీ పట్టినవాడి మీదే పడతాయి కాబోలు. కాపాడుతున్నది వేటగాడి ప్రాణాన్నా, గైడు జీతాన్నా?

వేట మంచిదా చెడ్డదా అన్నది వేరే వాదన. వేటకు జంకేవారు కూడా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నేడు తుపాకీవాణ్ని ఆపిన మూల రేపు కెమెరావాణ్నీ, కాలినడకవాణ్నీ ఆపుతుంది. మోంటానా అధికారుల్లారా, 1885 నాటి చట్టం ఆరు రాష్ట్రాల కోసం రాసింది కాదు. దారి వదలండి. వదలని పక్షంలో పటాల మీద ఆ గళ్లకు వేసిన ప్రజల రంగు చెరిపేసి, యజమానుల పేర్లు రాసేయండి. కనీసం అబద్ధమైనా తప్పుతుంది.