ఎర్రబస్సు లెక్క

2016లో ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటపడాలన్న వర్గం ఊరూరా ఒక ఎర్రబస్సు తిప్పింది.

వారానికి 35 కోట్ల పౌండ్లు సమాఖ్యకు పోతున్నాయని, వాటిని ప్రభుత్వ వైద్యానికి మళ్లిద్దామని దానిమీద రాత.

ఆ సొమ్ములో బ్రిటన్‌కు దక్కే రాయితీని తీసేయలేదు. బస్సుమీద చోటు చాలలేదు కాబోలు!

అంకె తప్పుదోవ పట్టిస్తోందని దేశ గణాంక ప్రాధికార సంస్థ చెప్పింది. బస్సు ఆగలేదు.

జూన్ 23న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 52 శాతం ఓట్లు నిష్క్రమణకే పడ్డాయి.

మర్నాడు ఉదయమే నిష్క్రమణవాది నైజెల్ ఫరాజ్ టీవీలో ఆ హామీకి తాను పూచీ కాదన్నారు. ఏరు దాటాక తెప్ప తగలేయడానికి ఒక్క పూటైనా ఆగలేదు.

ఓటుకు ముందు నిష్క్రమణ వర్గం, సమాఖ్యలో టర్కీ వచ్చి చేరుతోందని జనాన్ని బెదరగొట్టింది. 1987లో దరఖాస్తు పెట్టిన టర్కీ నేటికీ గుమ్మం బయటే. 2020లో బ్రిటనే వెళ్లి పక్కన నిలబడింది.

సార్వభౌమత్వానికి గుర్తుగా నీలి పాస్‌పోర్టు వచ్చింది. కాంట్రాక్టు దక్కింది ఫ్రెంచి-డచ్ కంపెనీకి, తయారీ పోలండ్‌లో. సమాఖ్యలోనే ఉన్న క్రొయేషియా పాస్‌పోర్టూ నీలమే.

నిష్క్రమణతో దీర్ఘకాలంలో ఉత్పాదకత 4 శాతం తగ్గుతుందని బ్రిటన్ బడ్జెట్ పర్యవేక్షణ సంస్థ అంచనా.

అబద్ధం కొందరిది, బిల్లు మాత్రం నమ్మినవారికీ, నమ్మనివారికీ సమానం.